నాన్న వాదించి పోగొట్టుకున్న బండి

మీకు ప్రాణంతో సమానమైన వస్తువొకటి ఇంట్లో ఉందనుకోండి. దాన్ని పక్కన పెట్టి, ఎదుటివారి వస్తువే మేలైనదని, వారి ముందే, మీ పిల్లల ముందే, ఎనిమిది నిమిషాలపాటు నిజాయితీగా వాదించమంటే వాదించగలరా? తొందరపడి తల ఊపకండి. కాలేజీ రోజుల్లో డిబేట్ జట్టులో ఉన్నదాన్ని గనుక, నమ్మని పక్షం తరఫున మాట్లాడటం ఎంత కష్టమో నాకు తెలుసు. పైగా అక్కడ మేము వాదించినవన్నీ మాకు సొంతం కాని విషయాలు, గెలిచినా ఓడినా బస్సు ఎక్కేలోగా మరచిపోగలిగినవి. సొంత వస్తువును పణంగా పెట్టి అలా వాదించిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆయన మా నాన్న.

ఈ సంగతి ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం, పోయిన వారం వన్-నార్త్ ప్రాంతంలో మా ఆఫీసు కింద ఫుడ్‌కోర్టులో నా సహోద్యోగి ఒకరు టిష్యూ ప్యాకెట్టు పెట్టి బల్ల పట్టి ఉంచి, నేను పళ్ళెంతో వచ్చి కూర్చోగానే తన ఫోను నా ముందుకు జరపడం. అందులో ఒక పట్టిక. పాతకాలపు జపాన్ స్పోర్ట్స్ సెడాన్ ఒకదాన్ని సేకరణ కోసం కొనాలని ఆయన సంకల్పం. మొదటి తరం కొనాలా, రెండో తరం కొనాలా అన్నది సందేహం. ఒక నిలువు వరుసలో ఒక తరం, పక్క వరుసలో మరొకటి. బరువు, శక్తి, గేర్లు, తయారైన సంఖ్య, వేలంలో పలికిన ధర. మీ ఇంట్లో ఈ బండి ఉండేదట కదా, ఏది కొనమంటారు అని ఆయన అడిగినప్పుడు నేను నూడుల్స్ చల్లారిపోతాయని తప్పించుకున్నాను గానీ, ఆ మధ్యాహ్నమంతా పని మీద మనసు నిలవలేదు. ముప్పై దాటీ దాటకుండానే "మా చిన్నప్పుడు" అనడం మొదలుపెట్టిన నా తరం వారితో, ఇలాంటి బళ్ళ వెనక సీట్లలో నిద్రపోతూ ఈ ఊరి ఎక్స్‌ప్రెస్‌వేల మీద పెరిగిన మీతో, ఆ జవాబు చెప్పుకోవాలనిపించింది.

బండి పేరు చెప్పను. చెబితే మీలో సగంమంది చదవడం మాని వాదనకు దిగుతారని అనుభవం మీద తెలుసు. రెండు తరాలూ ఒక తల్లి బిడ్డలేనని మాత్రం చెబుతాను. పెద్దది పెట్టెలా ఉంటుంది: సన్నటి స్తంభాలు, విశాలమైన అద్దాలు, బానెట్ మీద గాలి పీల్చుకునే ముక్కు, తలుపు వేస్తే బిస్కెట్ల డబ్బాకు మూత పెట్టిన చప్పుడు. దాని స్టీరింగు పట్టుకుంటే రోడ్డు మీది గులకరాయి కూడా అరచేతికి కబురు పంపుతుంది. చిన్నది ఒళ్ళు చేసింది: వెడల్పయిన భుజాలు, ఆశ్చర్యపోయినట్టుండే గుండ్రటి దీపాలు, ఐదుకు బదులు ఆరు గేర్లు, తలుపు వేస్తే బీరువా మూసినంత నిండైన శబ్దం. పెద్దదాన్ని ప్రేమించేవారు చిన్నది లావెక్కిందంటారు. చిన్నదాన్ని ప్రేమించేవారు పెద్దది వణుకుతుందంటారు. ఇద్దరి మాటా నిజమే కావడం వల్లే ఈ వాదనకు అంతులేదు.

మా ఇంట్లో ఉన్నది మొదటి తరం. నాన్న మలేషియాలో, పేరాక్‌లో పుట్టిన తెలుగువాడు. పెళ్ళికి ముందే పనికోసం దక్షిణాన ఉన్న ఈ ద్వీపదేశానికి దిగి, జురాంగ్‌లో లోహపు భాగాలను వెంట్రుకవాసి కొలతలకు చెక్కే కర్మాగారంలో టెక్నీషియన్‌గా చేరాడు. ఆయన తెలుగులో తాతల నాటి తీరాంధ్ర మాటలూ, మలయ్ మాటలూ, కాసిన్ని తమిళ మాటలూ ఒకే కంచంలో కలిసి ఉండేవి. అయితే ఆ మాటలు బయటికొచ్చేది అరుదు. పక్కింటివారు పలకరిస్తే ఒక నవ్వు, నేను మార్కుల కాగితం చూపిస్తే ఇంకొంచెం పెద్ద నవ్వు, అంతే. ఆ బండిని ఆయన ఎవరో వాడినదే కొన్నాడు. కొన్నాక ఒక్క మర కూడా మార్చలేదు. కంపెనీ వేసిన నీలి రంగు, పుట్టుకతో వచ్చిన ఇంజిను, పగలని డాష్‌బోర్డు. అలాంటి దానికోసమే ఈ రోజు సేకర్తలు సముద్రాలు దాటి వస్తారని అప్పట్లో మాకు తెలియదు. సీటు కింద పడిన బఠాణీ గింజను కూడా నాన్న ఏరేవాడని మాత్రం తెలుసు.

రెండో తరం బండి క్లెమెంటిలో ఉండే అంకుల్‌ది. ఆయన హైదరాబాదీ, ఆఫీసులో పెద్ద ఇంజనీరు, మాటలో అంతకంటే పెద్ద. ఒకే జాతి బళ్ళవారు ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎదురైతే దీపాలు మిణుక్కుమనిపించి పలకరించుకునే మర్యాద ఒకటుంది. ఒక ఆదివారం జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకు పక్కనున్న కార్‌పార్కులో, ఎవరో బంధువుల ఇంటికి వచ్చిన అంకుల్ అలాగే దీపాలు వేశాడు. నాన్న బదులిచ్చి, పక్కన కూర్చున్న అమ్మతో, పాపం మంచి బండే గానీ మెడకాయ మీద కొవ్వు పట్టిందని తెలుగులో అన్నాడట. కిటికీలు దించి ఉన్నాయన్న సంగతి ఆయనకు గుర్తులేదు. ఆ పక్కనుంచి అచ్చమైన తెలంగాణ తెలుగులో, కొవ్వు కాదు భాయ్, అది బలం అని జవాబొచ్చింది. నాన్న సిగ్గుతో చచ్చిపోయాడని అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. ఆ సిగ్గు తీరడానికి ఆయన అంకుల్‌ను టీకి పిలిచాడు. ఆ టీ పదేళ్ళు సాగింది.

ప్రతి ఆదివారం ఉదయం ఎండ ముదరకముందే రెండు బళ్ళూ కార్‌పార్కు పై అంతస్తుకు ఎక్కేవి. బానెట్లు తెరుచుకునేవి. అమ్మ ఫ్లాస్కులో టీ, ఆంటీ డబ్బాలో ఖీమా పరాఠాలు తెచ్చేవారు. అక్కడినుంచి అంకుల్ ఉపన్యాసం మొదలయ్యేది. తన బండి గొప్పలు చెప్పి, మా బండిని ఖిల్లా గోడకు ఆనించిన పాత సైకిలని వెక్కిరించేవాడు. నాన్న వింటూ, నవ్వుతూ, అంకుల్ బండి చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవాడు. ఏమైనా అనండి నాన్నా అని నేను ఉక్రోషపడేదాన్ని. నేను డిబేట్ జట్టులో చేరడానికి సగం కారణం ఆ ఉక్రోషమేనేమో. మాట్లాడనివారి తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలని ఆ వయసులో గట్టిగా అనుకునేదాన్ని. వారికి మాట్లాడే అవకాశం ఇవ్వాలని మాత్రం తట్టలేదు.

ఈ దేశంలో కారు కొనడమంటే దానితోపాటు పదేళ్ళ అనుమతి కూడా కొనడమని మీకు తెలిసిందే. గడువు తీరాక మళ్ళీ పదేళ్ళకు కట్టాలి, లేదా బండిని తుక్కుకో విదేశానికో పంపాలి. నాన్న బండికి ఒకసారి పొడిగించిన గడువూ, అంకుల్ బండికి మొదటి గడువూ కొద్ది వారాల తేడాతో ఒకే ఏడాది తీరబోతున్నాయి. అనుమతి ధర అప్పుడు ఆకాశంలో ఉంది. ఎవరికివారు నిలుపుకోవడం ఇద్దరికీ తలకు మించిన పని. ఇద్దరూ కలిస్తే ఒక్క బండిని నిలబెట్టుకోవచ్చు. వారం వారం చేతులు మార్చుకుంటూ ఇద్దరూ నడుపుకోవచ్చు. ఆ ఒక్కటి ఏది అన్నదే ప్రశ్న.

నేను అప్పుడు జూనియర్ కాలేజీ ముగించి యూనివర్సిటీకి వెళ్ళబోతున్నాను. రెండు నెలలు ఇంట్లో మరో మాట లేదు. తమ్ముడికి విసుగెత్తి, ఈ ఊళ్ళో మాట చివర తగిలించే ‘లా’తో సహా, "నాన్నా, జస్ట్ చూజ్ వన్ లా, రెండూ సేమ్ కార్ కదా," అన్నప్పుడు ఇద్దరు పెద్దవాళ్ళూ వాడి వైపు చూసిన చూపు నాకింకా జ్ఞాపకం. దేవుళ్ళంతా ఒకటే అన్నవాడిని ఇద్దరు పూజారులు కలిసి చూసినట్టు చూశారు. చివరికి అంకులే ఉపాయం చెప్పాడు. పై అంతస్తులో పద్ధతిగా డిబేట్ పెడదాం, బేటీ తీర్పరి, ఆమె మాటే చివరి మాట అని. తండ్రి కక్షిదారైన తగవులో కూతురు తీర్పు చెప్పకూడదని నేను అభ్యంతరం చెప్పాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపేశాడు. "నువ్వు మీ నాన్న బిడ్డవని తెల్వదా నాకు? రూలు తప్పవని గూడ తెల్సు. నువ్వు జెప్పినంక నేను నోరెత్త, ఖుదా కసం."

ఆ నమ్మకం నన్ను ఎంత పొగిడిందో అంత కుట్టింది. ఎందుకంటే నేను అప్పటికే ఒక పన్నాగం పన్నాను. నీలం బండి పోకూడదు. అందులో నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఆవిరి పట్టిన దాని కిటికీ అద్దమే నా పలక. అంకుల్ మాట్లాడితే గోడ కూడా ఒప్పుకుంటుంది, నాన్న మాట్లాడితే గోడకు వినపడదు. కాబట్టి అంకుల్ నోటినే మా బండికి వకీలుగా పెడితే? డిబేట్‌లో ఎవరికి ఏ పక్షం వస్తుందో వారి ఇష్టం కాదు, సొంత అభిప్రాయానికి ఎదురుగా వాదించడమే అసలు పరీక్ష అని ఇద్దరికీ గంభీరంగా ఉపదేశించి, నాన్న రెండో తరం తరఫున, అంకుల్ మొదటి తరం తరఫున మాట్లాడాలని ప్రకటించాను. అంకుల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నాన్న ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, సరేనన్నాడు.

ఆ ఆదివారం మబ్బు పట్టి గాలి చల్లగా వీచింది. ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు, ఆపైన ఖండనకు నాలుగు. వినిపించిన వాదనల మీదే తీర్పు, తీర్పరికి సొంతంగా తెలిసినవి లెక్కలోకి రావు, ఎదుటివారు ఖండించని వాదన నిలబడినట్టే లెక్క. ఇవి నేను చదివి వినిపించిన నియమాలు. అంకుల్ ముందు లేచాడు. మా బండి బానెట్ మీద చెయ్యి వేసి, పదేళ్ళుగా దాన్ని వెక్కిరించిన అదే నోటితో, అది ఎంత తేలికో, మలుపులో ఎలా తలవంచుతుందో, దాని అద్దాలలోంచి నలువైపులా ఆకాశం ఎలా కనిపిస్తుందో వర్ణించాడు. ముట్టుకోని రంగు, మార్చని ఇంజిను, ఇలాంటివి ఈ ఊళ్ళో ఇంకెన్ని మిగిలాయని నిలదీశాడు. కొత్తది మనిషిని మోసుకుపోతుంది, పాతది మనిషితో కలిసి నడుస్తుంది అన్నాడు. ఆంటీ కళ్ళు తుడుచుకుంది. నా గెలుపు ఖాయమని నేను కాగితం మీద తల వంచుకుని నవ్వుకున్నాను.

తరవాత నాన్న. జేబులోంచి కాగితం తీస్తాడనుకున్నాను, తీయలేదు. అంకుల్ బండి చుట్టూ ప్రతి ఆదివారం తిరిగినట్టే చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ మొదలుపెట్టాడు. తలుపు తెరిచి, అతుకులు ఎక్కడెక్కడ వేశారో, పాతదానిలో ఎక్కడ వెయ్యలేదో చూపించాడు. చట్రం గట్టిపడితే సస్పెన్షన్ తన పని తాను చేసుకోగలుగుతుందనీ, పాతది మలుపులో తలవంచడం వినయం కాదు, ఒళ్ళు మెలితిరగడమనీ చెప్పాడు. ఆరో గేరు ఉన్నందువల్ల ఇంజిను దూరప్రయాణంలో అరవకుండా ఎలా మాట్లాడుతుందో చెప్పాడు. విడిభాగాల కోసం పాతదాని యజమాని ఎన్నిసార్లు సముద్రం మీది కాజ్‌వే దాటి మలేషియాలోని జొహోర్ దుకాణాల్లో తిరిగాడో చెప్పాడు. ఆ యజమాని తానేనన్న సంగతి ఎక్కడా అనలేదు. అంత మాట ఆయన దగ్గర ఉందని పద్దెనిమిదేళ్ళు ఒకే ఫ్లాటులో బతికిన నాకు తెలియదు. ఏడో నిమిషంలో ఆయన మా బండి వెనక తలుపు తెరిచి, నడిమి సీటు చూపించాడు.

"తేలిక, తేలిక అంటన్నాడు సాబు. తేలిక అంటే ఏటి? లేనివన్నీ కలిపితే వచ్చేదే తేలిక. ఈ నడిమి సీటుకి నడుం పట్టీ ఒక్కటే ఉంది, భుజానికి లేదు. ముందర గాలిసంచీ లేదు. ఈ సీట్లో పదేళ్ళు ఒక పిల్ల కూచున్నాది. నాను బ్రేకు తొక్కినప్పుడల్లా అద్దంలో ఆ పిల్లనే చూసినాను, రోడ్డు సూడలేదు. ఆ బండిలో నడిమి సీటుకి భుజం పట్టీ ఉంది. నా వాదన అంతే లా."

ఇంకా నిమిషం మిగిలి ఉండగానే కూర్చున్నాడు. ఖండనకు అంకుల్ లేచి, నా వైపు చూసి, మళ్ళీ కూర్చున్నాడు. "ఏం భాయ్, గిట్ల కొడ్తవా," అన్నాడు మెల్లగా. "ఆ పిల్లనే జడ్జిగా కూసోబెట్టి నేనేం ఖండించాలె?"

నేను పావుగంట కాగితాలు తిరగేశాను. నిజానికి తిరగేయడానికి ఏమీ లేదు. ఖండించని వాదన నిలబడుతుంది. ఆ నియమం చదివి వినిపించింది నేనే. వంకరగా మొదలైన పోటీని మరో వంకరతో ముగించే దారి నాకు కనిపించింది. భావోద్వేగాన్ని రెచ్చగొట్టే వాదన చెల్లదని కొట్టిపారేయవచ్చు. కానీ అది భావోద్వేగం కాదు, భుజం పట్టీ. లేచి నిలబడి, రెండో తరం పక్షం గెలిచిందని, అంటే మా నీలం బండి వెళ్ళిపోతుందని చెప్పాను. వాదించి గెలిచిన నాన్న లేచి, ఓడిన అంకుల్‌ను కావలించుకున్నాడు. బండి దక్కిన అంకుల్ మొహం బండి పోయినవాడిలా ఉంది. అమ్మ పరాఠాలు వడ్డించింది. ఎవరు ఎవర్ని ఓదార్చాలో తెలియక అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాం. ఆ పై అంతస్తు మీద అంతగా నవ్విన రోజు మరొకటి లేదు.

న్యూజీలాండ్‌లోని ఒక సేకర్త ఫోటోలు చూసి నీలం బండిని కోరుకున్నాడు. దాన్ని ఎగుమతి యార్డుకు అప్పగించే ఉదయం నాన్న తాళంచెవి నాకిచ్చాడు. నాకు లైసెన్సు వచ్చి నాలుగు నెలలే. కొత్తగా నడిపేవారు పెట్టుకోవలసిన త్రికోణపు గుర్తు అద్దానికి తానే అంటించి, ఎడమవైపు కూర్చున్నాడు. అంకుల్ తన భారీ కాయంతో వెనక నడిమి సీట్లోనే కూర్చుంటానని పట్టుబట్టి, నడుం పట్టీ బిగించుకుని, దారి పొడుగునా మా బండిని పొగుడుతూనే ఉన్నాడు. ఆ రోజునుంచీ ఆయన మొదటి తరం వీరాభిమాని. నాన్న రెండో తరం వదలలేదు. ఇద్దరూ తాము వాదించిన పక్షాలకు శాశ్వతంగా ఫిరాయించారు; మిగిలిన బండికి కూడా రెండేళ్ళ క్రితం గడువు తీరి వెళ్ళిపోయినా, క్లెమెంటి హాకర్ సెంటర్ తిండి దుకాణాల మధ్య ప్రతి ఆదివారం ఆ వాదన నేటికీ నడుస్తోంది.

ఆ ఉదయం క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో, మూడో గేరు దగ్గర చేతిని ఎందుకు తొందరపెట్టకూడదో నాన్న చెబుతూ వచ్చాడు. రెండు నెలల్లో రెండోసారి ఆయన అంతసేపు మాట్లాడటం. యార్డు గేటు దగ్గర అంకుల్ కాగితాల కోసం దిగినప్పుడు నేను తట్టుకోలేక, పక్షాలు తారుమారు చేసింది న్యాయం కోసం కాదు, మన బండిని గెలిపించడానికని ఒప్పేసుకున్నాను.

"తెలుసమ్మా," అన్నాడు నాన్న. "డిబేట్‌లో పక్షాలకి కాయిన్ ఎగరేస్తారని నువ్వే చెప్పినావు గదా ఒకప్పుడు. ఆ రోజు ఎగరెయ్యలేదు."

మరి ఎందుకు ఒప్పుకున్నారని అడిగాను.

"నాకు కావలసిన పక్షమే ఇచ్చినావు గదమ్మా. రేపటినుంచి నడిపేది నువ్వు. ఆ బండే ఉండాలని నాకుండేది. నా నోటితో నా బండిని వద్దనలేకపోయినాను. నువ్వు నిలబెట్టి అనిపించినావు."

నా సహోద్యోగి చూపించినలాంటి పట్టికల మీద నాకు కోపమేమీ లేదు. బరువూ శక్తీ నిజాలే. వాదించేవారికి నిజాలు కావాలి. అయితే ఇప్పుడు బళ్ళు పట్టికల్లో కొంటున్నాం, ఫోనులోనే అమ్ముతున్నాం. వచ్చే కొత్తబళ్ళు ఎంత నిశ్శబ్దమంటే వాటి గురించి దెబ్బలాడుకోవడానికి కూడా ఏమీ దొరకదు. పై అంతస్తులో ఇప్పుడు బానెట్లు తెరిచేవారు లేరు. ఒక మనిషి ఒక యంత్రం పక్కన ఏళ్ళ తరబడి కూర్చుని తెలుసుకున్నదంతా, అడిగేవారు లేక, గడువు తీరిన రోజున దానితోపాటే వెళ్ళిపోతోంది.

అందుకని మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. మీ ఇంట్లో గడువు దగ్గరపడుతున్న బండి ఉంటే, అది ఏ తరమైనా, ఏ కంపెనీదైనా సరే, ఈ ఆదివారమే తాళంచెవి మీరు తీసుకోండి. ఇన్నాళ్ళూ దాన్ని నడిపినవారిని ఎడమవైపు కూర్చోబెట్టండి. పాటలు పెట్టకండి, దారి చూపే ఫోను కట్టెయ్యండి, ఎటు తిప్పాలో వారినే చెప్పమనండి. తరవాత మాట్లాడకుండా వినండి.